పదో రీలు

రేపల్లె ఆపరేటర్ గారు పోయారని పోస్టుకార్డు వచ్చింది. వాళ్ళమ్మాయి రాసింది. ఆవిడ అక్కడే బడిలో టీచరు. "బుధవారం పొద్దున ప్రార్థనకి కూర్చున్న నాన్నగారు కూర్చున్నట్టే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. మిమ్మల్ని తరచు తలుచుకునేవారు, బాబాయి గారూ" అని ఉంది.

ఆ చివరి మాట దగ్గర నాకు భయం వేసింది. ఏమని తలుచుకునేవారో అని.

నేను రాయడం వచ్చినవాణ్ణి కాదు. నందివెలుగు బడిలో ఐదో తరగతి దాకా చదివాను. తర్వాత బెజవాడలో సినిమాలు అద్దెకిచ్చే ఆఫీసు ఒకదాంట్లో సినిమా పెట్టెలు మోసే పనిలో చేరాను. ఒక ఊళ్ళో ఆట అయిపోగానే రీళ్ళు పెట్టెలో సర్దించుకుని ఇంకో ఊరి హాలుకి చేర్చాలి. బాపట్ల, తెనాలి, రేపల్లె నా లైను. హాళ్ళ పనివాళ్ళందరూ కలిసి సంతాపసభ పెట్టారు. "నీకే కదా ఆయన బాగా తెలుసు, నువ్వు మాట్లాడు" అన్నారు. నలుగురిలో నాకు నోరు పెగలదు. వెనక వరసలో కూర్చుని లేచి వచ్చేశాను. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. చదివినవాళ్ళు నన్ను ఏమనుకున్నా సరే.

ఆపరేటర్ అంటే మిషను గదిలో ఉండి బొమ్మ వేసే మనిషి. జనం ఆయన్ని చూడరు. బొమ్మ తెగినప్పుడు మాత్రం వెనక్కి తిరిగి తిడతారు. ఈయన ఆ ఇరుకు గదిలోకి కూడా ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని వచ్చేవారు. "ఆ గదిలో ఎవరు చూస్తారండీ?" అని ఒకసారి అడిగాను. "బొమ్మ నన్ను దాటే కదయ్యా పోయేది" అన్నారు.

పెట్టె రాగానే ప్రతి రీలూ చేత్తో తిప్పుతూ, ఫిల్ము అంచుల్ని రెండు వేళ్ళ మధ్య పోనిచ్చేవారు. ఎక్కడ చిరిగిందో, ఎక్కడ అతుకు వదులైందో కళ్ళతో చూడకుండానే వేళ్ళకి తెలిసేది. ఆట అయ్యాక హాల్లో ఒక్క మనిషి ఉన్నా మిషను దగ్గర నుంచి కదిలేవారు కాదు. "చీకట్లో కూర్చోబెట్టాం. వాళ్ళు బయటపడేదాకా మనదే పూచీ తమ్ముడూ" అనేవారు.

ఆదివారం ఆయనకి కష్టంగా ఉండేది. చర్చి ఆరాధన అవుతుండగానే మార్నింగ్ షోకి సైకిలు మీద పరిగెత్తాలి. ఆఖరి కీర్తన సగంలో లేచేవారట. ఒకసారి పాస్టరు గారు నా ముందే అడిగారు. "ఏమయ్యా, ఆశీర్వాదం తీసుకోకుండానే పోతున్నావు. పరలోకంలో కూడా నీకు మార్నింగ్ షో ఉంటుందా?"

"ఉంటే నాకే డ్యూటీ వేయించండి అయ్యగారూ. వేరేవాళ్ళైతే ఫోకస్ సరిగ్గా పెట్టరు" అన్నారు ఈయన, సైకిలెక్కుతూ.

అలాంటి ఒక ఆదివారమే ఇదంతా మొదలైంది. ఎనభైల్లో మాట. వాయుగుండం పట్టి మూడు రోజులుగా వాన.

ఆ రోజుల్లో మార్నింగ్ షోలకి విదేశీ పాత సినిమాలు వచ్చేవి. అద్దె తక్కువ. వాటి అసలు పేర్లు ఎవరికీ పట్టేవి కావు. ఏ ఊరికి ఆ ఊరు మేనేజరు తనకి తోచిన తెలుగు పేరు బోర్డు మీద రాయించేవాడు. ఈ సినిమాకి బాపట్లలో పెట్టిన పేరు 'సాగర భూతం'. రేపల్లెలో 'కడలిలో కన్నెపిల్ల'. అందులో భూతమూ లేదు, కన్నెపిల్లా లేదు. పేర్లు పడే చోట ఫిల్ము ఎప్పుడో చిరిగిపోయింది. మాటలు ఇంగ్లీషు కూడా కావు. పది రీళ్ళ సినిమా అని మాత్రం నాకు తెలుసు.

శనివారం బాపట్లలో ఆఖరి రీలు మొదట్లోనే తెగి, ఆట అక్కడితో ఆగిపోయింది. అక్కడి ఆపరేటరు అతికిస్తూ ఉండగానే నా రైలు టైమైపోయింది. తొమ్మిది రీళ్ళూ పెట్టెలో పెట్టి తాళం వేసేశాను. పదోది వెనక్కి చుట్టి డబ్బాలో పెట్టి, పరిగెత్తుకొచ్చి నా చేతికిచ్చాడు. పెట్టె కూలీ నెత్తిన, డబ్బా నా చంకన.

తెల్లారి తెనాలిలో రేపల్లె బండి పట్టుకోవాలి. జల్లు కొడుతోంది. టీ కొట్టు బల్ల మీద కూర్చుని డబ్బా పక్కన పెట్టుకున్నాను. బండి కూత వేసింది. పెట్టె ఎక్కించానా లేదా అన్నదే నా ధ్యాస. ఎక్కించాను. కూర్చున్నాను. జంపని దగ్గర చక్కెర మిల్లు నుంచి చెరుకు మడ్డి వాసన వచ్చింది. ఆ వాసనకి ముక్కు మూసుకోబోయి చేయి ఎత్తాను. చంకలో డబ్బా లేదు.

దిగి వెనక్కి పోదామంటే రేపల్లెలో ఆట ఉంది. అంతకు ముందు ఏడే ఒక రీలు పోగొట్టినందుకు మా ఆఫీసులో ఒకతన్ని నిలబడ్డపాళంగా పనిలోంచి తీసేశారు. ఇంట్లో ఐదుగురం నా పని మీద బతుకుతున్నాం. బండి కదులుతుంటే నా వేళ్ళు కిటికీ ఊచకి అతుక్కుపోయాయి. రేపల్లెలో కూలీ వచ్చి "దిగండి బాబాయ్, ఇంక బండి పోదు" అని భుజం తట్టేదాకా లేవలేదు.

ఆపరేటర్ గారు చర్చి నుంచి తడుస్తూ వచ్చారు. పెట్టె తెరిచి రీళ్ళన్నీ వేళ్ళతో చూసుకున్నారు.

"తొమ్మిది ఉన్నాయి. ఇంతేనా తమ్ముడూ?"

"ఇంతేనండి" అన్నాను.

నేను తక్కువ మాటల మనిషిని. నా జన్మలో చెప్పిన అన్నిటికన్నా పెద్ద అబద్ధం కూడా ఒక్క మాటే.

హాల్లో పాతిక మంది ఉంటారేమో. నేను మిషను గదిలో ఆయన పక్కన నిలబడి చిన్న కిటికీలోంచి చూశాను. నలుపు తెలుపు బొమ్మ. సముద్రం ఒడ్డున ఒక ఊరు. రాతి ఇళ్ళు. మూడో రీల్లో ఊళ్ళో ఏదో గొడవ జరిగి పడవలన్నీ తగలబెట్టేస్తారు. ఒక పల్చటి ఆడమనిషి, పిల్లతల్లి, ఆవిడకి సముద్రంలో ఏదో చప్పుడు వినిపిస్తుంది. ఎవరికీ వినిపించదు. ఇంటింటికీ వెళ్ళి తలుపు కొడుతుంది. ఒక్కరూ తియ్యరు. పైన హాలు రేకుల మీద వాన. లోపల బొమ్మలో వాన. ఏది ఏదో తెలియలేదు నాకు. ఎనిమిదో రీల్లో నీళ్ళు వీధిలోకి వచ్చాయి. తొమ్మిదో రీల్లో తల్లి కూతుర్ని గంట గోపురం మీదికి ఎక్కించి, దూలానికి తన శాలువతో కట్టింది. గట్టిగా ముడి వేసింది. తను కిందికి దిగింది. నీళ్ళు మెట్టు మెట్టూ ఎక్కుతున్నాయి. ఆ పిల్ల కళ్ళు తెరిచి చూస్తోంది.

తెర తెల్లగా అయిపోయింది.

ఎవరూ ఈల వెయ్యలేదు. బల్లలు కొట్టలేదు. కాసేపు కూర్చుని, ఒక్కొక్కరే లేచి వానలోకి వెళ్ళిపోయారు. ఆపరేటర్ గారు మిషను మీద చేయి అలాగే ఉంచి, "ఇలా అవదే" అన్నారు. నా వైపు చూసి కాదు, తెర వైపు చూసి. "ఎవరైనా ఇలా వదిలేస్తారా?"

మర్నాడు తెనాలి స్టేషనుకి పోయాను. టీ కొట్టతను నన్ను చూస్తూనే నవ్వాడు. "మీ డబ్బాయేనా బాబాయ్? స్టవ్వు ఎత్తు చాలక కింద పెట్టా. బాగా కుదిరింది. ఇంకోటుంటే తెచ్చిపెట్టు."

డబ్బా వెచ్చగా ఉంది. ఇంటికి తెచ్చి మూత తీశాను. మొదట ఖాళీ నల్ల ఫిల్ము. ఇంకాస్త లాగితే బూడిద రంగులో ఏదో కదిలినట్టనిపించింది. గభాల్న చుట్టేశాను. ఆ పిల్ల మునిగిపోయి ఉంటే? అది చూసిన మనిషిని నేనొక్కణ్ణే అయిపోతాను. మూత పెట్టి అటక ఎక్కించాను. ఆఫీసుకి ఇద్దామంటే ఎక్కడ దొరికిందో చెప్పాలి. అప్పటికే అక్కడ కూడా తొమ్మిదేనని చెప్పేశాను. పాత సినిమా కదా, వాళ్ళు మళ్ళీ అడగలేదు.

అడిగింది ఆపరేటర్ గారొక్కరే. పదిహేనేళ్ళు అడిగారు. నన్ను కాదు, లోకాన్నంతా.

ఆ సినిమా పేరేంటో తెలిస్తే కథ తెలుస్తుందని ఆయన ఆశ. కొత్తగా ఎవరు పరిచయమైనా, "మీరు ఫారిన్ పిక్చర్లు చూస్తారాండీ?" అని మొదలుపెట్టేవారు. చూస్తామంటే రీలు రీలూ కథ చెప్పేవారు. గేటు దగ్గర టిక్కెట్లు చింపే అతను మాత్రం, "నేను చూశానుగా, చివర్లో రైలొచ్చి కాపాడుతుంది" అనేవాడు. "సముద్రంలోకి రైలెందుకొస్తుందిరా?" అంటే, "ఫారిన్ కదండీ" అనేవాడు. ఆయన నవ్వేవారు. నవ్వాక ముఖం మళ్ళీ మామూలుగా అయిపోయేది.

ఎందుకింత పట్టుదలో నాకు చాలా రోజులు తెలియలేదు. మరో ఏడు మళ్ళీ వాయుగుండం పట్టినప్పుడు, ఆట లేక హాలు మెట్ల మీద కూర్చుని చెప్పారు.

"మా చెల్లెలు సముద్రం పక్క ఊళ్ళో ఉండేది తమ్ముడూ. ఉప్పెన వచ్చిన రోజు పిల్లని తాడిచెట్టుకి చీరతో కట్టిందట. చూసినవాళ్ళు చెప్పారు. నేను వెళ్ళేసరికి చెల్లెలు దొరికింది. చెట్టు దొరికింది. చీర కూడా దొరికింది. పిల్ల లేదు."

జల్లు మెట్ల మీదికి కొట్టింది. ఇద్దరం ఒక మెట్టు పైకి జరిగాం.

"ఆ చీర ముడి విప్పి ఉందా, తెగి ఉందా అని అందర్నీ అడిగా. విప్పి ఉంటే ఎవరో దింపి తీసుకెళ్ళినట్టు. తెగి ఉంటే నీళ్ళు. ఎవరూ చెప్పలేకపోయారు. ఎవరికి గుర్తుంటుంది, చెప్పు." అరచేత్తో మెట్టు మీద తడి తుడిచారు. "అది నాకు తెలియదు, తెలియకుండానే పోతుంది. కనీసం ఆ సినిమాలో ముడి ఎవరు విప్పారో తెలిస్తే, నాకు నిద్ర పడుతుంది."

ఆ వేళ అటక మీద డబ్బా గుర్తొచ్చింది. చెప్పేద్దామని నోరు తెరిచాను. "టీ తాగుదామాండీ?" అన్నాను.

తర్వాత ఒకసారి ఆయన బెజవాడ ఆఫీసుకి ఉత్తరం రాసి నా చేతికిచ్చారు. ఫలానా ఆదివారం పంపిన సినిమా అసలు పేరేంటి, అందులో ఎన్ని రీళ్ళు అని. ఎన్ని రీళ్ళు అన్న మాట దగ్గర నా కళ్ళు నిలబడిపోయాయి. ఆ ఉత్తరం బెజవాడ చేరలేదు. చినరావూరు రాకముందే ముక్కలు చేసి కిటికీలోంచి వదిలాను. తెల్ల ముక్కలు కొన్ని గాలికి తిరిగి రైలు పెట్టెలోకే వచ్చి నా ఒళ్ళో పడ్డాయి. ఏరుకుని జేబులో పెట్టుకున్నాను. "వాళ్ళకి తెలియదన్నారండి" అని చెప్పాను.

ఆయన ఊరుకోలేదు. నన్ను వెంటపెట్టుకుని బాపట్ల వెళ్ళారు. అక్కడ ఆ బొమ్మ వేసిన ఆపరేటరు అప్పటికే పని మానేసి ఊరు వదిలాడట. కాలేజీలో ఒక లెక్చరరు దగ్గరికి పోయాం. లెక్చరరు గారు ఓపిగ్గా విని, అలాంటివి చాలా దేశాలవాళ్ళు తీశారండీ అన్నారు. తెనాలిలో వీడియో క్యాసెట్ల కొట్టుకి కూడా వెళ్ళాం. కొట్టతను జాలిగా చూశాడు. "పేరు తెలియదు, దేశం తెలియదు, హీరో ఎవరో తెలియదు. తప్పిపోయిన మనిషికైనా ఇంతకన్నా ఎక్కువ ఆనవాళ్ళు చెబుతారు పెదనాన్నా!"

ఆపరేటర్ గారు నవ్వలేదు. "అంతే బాబూ. ఆనవాళ్ళు తక్కువే" అని బయటికి వచ్చేశారు.

ఆయన నడక చూశాక ఊరుకోలేకపోయాను. వారం తిరక్కుండా రేపల్లె వెళ్ళి ఇంకో అబద్ధం చెప్పాను.

"తెనాలిలో ఒకాయన ఆ సినిమా చూశారటండి. పిల్ల బతుకుతుందట."

ఆయన చదువుతున్న బైబిలు మూశారు. "ఎవరు విప్పారట ముడి?"

దానికి నేను సిద్ధపడి రాలేదు. "ఎవరో ముసలాయనటండి. పడవలో వచ్చి."

ఆయన మూసిన బైబిలు అంచుల మీద వేళ్ళు పోనిచ్చారు. మెల్లగా అన్నారు.

"ఆ ఊళ్ళో పడవలు లేవు తమ్ముడూ. మూడో రీల్లోనే తగలబెట్టేశారు."

తిట్టలేదు. ఎందుకు చెప్పావని అడగలేదు. లోపలికి తిరిగి, "అమ్మా, బాబాయికి అన్నం పెట్టు. ఇంత దూరం నా కోసం వచ్చాడు" అన్నారు. ఆ అన్నం సగంలో వదిలి చెయ్యి కడుక్కున్నాను.

తొంభైల్లో హాలు మూతపడింది. ఆయన కళ్ళకి పొర కమ్మింది. వేళ్ళతోనే బతికే మనిషి కదా, గోడలు తడుముకుంటూ ఇంట్లో బాగానే తిరిగేవారు. ఒకరోజు నేను తెగించాను. డబ్బా సంచిలో పెట్టి, పైన సపోటాలు పోసుకుని రేపల్లె బండెక్కాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. అన్నయ్యా, తప్పు నాది. మూడు మాటలే. జంపనిలో ఒకసారి, భట్టిప్రోలులో ఒకసారి లోపలే అనుకుని చూసుకున్నాను.

వరండాలో ఆయన పక్కన సంచి దింపాను. ఆయన తల ఎత్తి గాలి పీల్చారు.

"ఏంటి తమ్ముడూ సంచిలో?"

"సపోటాలండి."

"కాదు. పులిసిన వాసన. పాత ఫిల్ము వాసన వస్తోంది."

ఆయన చేయి సంచి వైపు వచ్చింది. ఆ వేళ్ళు డబ్బాని తాకితే చాలు, ఇంకేమీ చెప్పనక్కర్లేదు. నేను సంచి వెనక్కి లాక్కున్నాను.

"ఇన్నేళ్ళు మోశాను కదండి. ఒంటికి పట్టేసింది."

"అవున్లే" అని నవ్వి, తన చేతులు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "నాకూ పోలేదు."

సపోటాలు ఇచ్చేసి డబ్బా వెనక్కి తెచ్చుకున్నాను. మళ్ళీ ఆయన్ని చూడలేదు. ఇప్పుడు ఈ కార్డు.

సంతాపసభ అయిన మర్నాడు డబ్బా తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఈసారి పైన పళ్ళు పోయలేదు. సమాధుల దొడ్డిలో ఆయన దగ్గర కాసేపు నిలబడ్డాను. మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. అక్కడా నోరు రాలేదు. టీచరమ్మకి మాత్రం చెప్పాను. టీ కొట్టు, ఇంతేనండి, ఉత్తరం, పడవ, సపోటాలు. అంతా చెప్పి తల దించుకున్నాను. అడ్డమైన తిట్లూ తిడుతుందనుకున్నాను.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "నాన్న ఏమనేవారో తెలుసా బాబాయి గారూ? 'ఆ సినిమా మాట ఎత్తితే మీ బాబాయి గొంతు వణుకుతుందమ్మా, ఆయనకీ నీళ్ళ భయమే, నాలాగే. ఆయన ముందు ఎత్తొద్దు' అనేవారు."

అదీ ఆయన నన్ను తలుచుకున్న తీరు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

"చూద్దామా?" అంది.

నేను డబ్బా ఆవిడ వైపు జరిపాను. ఆవిడే మూత తీసింది. పులిసిన గంజి వాసన గది నిండా కమ్మింది. రీలంతా ముద్దకట్టి బెల్లపు అచ్చులా ఉంది. పై చుట్టు మెల్లగా ఊడదీశాను. నల్ల ఫిల్ము పోయింది. బొమ్మలు మొదలయ్యాయి. మూరెడు వచ్చి అక్కడ అంటుకుపోయింది. ఇంక రాదు.

"గట్టిగా లాగితే తెగుతుంది, వద్దు" అంది.

ఆ మూరెడునే ఇద్దరం కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నాం. లెక్కపెడితే ఇరవై నాలుగు బొమ్మలు. తెర మీద అవి ఒక్క సెకను అని ఆపరేటర్ గారే నాకు చెప్పారు. మొదటి బొమ్మలో ఆ పిల్ల దూలం దగ్గర ఉంది. శాలువ ముడి ఉంది. నీళ్ళు పై మెట్టుకి ఒక మెట్టు కింద ఉన్నాయి. రెండో బొమ్మలో కూడా అంతే. పదో బొమ్మలో అంతే. ఇరవై నాలుగోది కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాను. నీళ్ళు వెంట్రుకవాసి కూడా పెరగలేదు. ముడి వదల్లేదు. ఆ పిల్ల కళ్ళు తెరిచి మా వైపే చూస్తోంది.

మీలో ఎవరైనా ఆ సినిమా మొత్తం చూసి ఉంటే, దయచేసి రేపల్లెకి రాయండి. నాకు వద్దు.

టీచరమ్మ ఫిల్ము మళ్ళీ చుట్టి డబ్బాలో పెట్టి, నాన్నగారి కుర్చీ పక్కన కిటికీ గూట్లో ఉంచింది. ఇంతలో చినుకు మొదలైంది. జల్లు కిటికీ ఊచల్లోంచి గూట్లోకి కొట్టింది. ఆవిడ లేచి డబ్బా తీసి, కొంగుతో తుడిచి, టేబులు మీద పెట్టబోయి ఆగింది. స్టూలు లాక్కుని ఎక్కింది. ఇంట్లో అన్నిటికన్నా ఎత్తున, బీరువా మీద, గోడ వారగా జరిపి పెట్టింది. దిగి, కింద నుంచి ఒకసారి చూసింది. మళ్ళీ ఎక్కి ఇంకాస్త లోపలికి జరిపింది.